ఓట్లతో గెలిచినా అర్హత అడుగుతారు

కొన్నేళ్ళుగా డిసెంబరు వచ్చిందంటే తెలుగు ఇళ్ళల్లో ఒకటే తగువు. బిగ్‌బాస్ గెలిచినవాడు గెలవాల్సినవాడేనా? టీ కొట్ల దగ్గర, హాస్టల్ గదుల్లో, ఆటో స్టాండుల్లో అదే ముచ్చట. పనీపాటా లేని మాటలని కొట్టిపారేసేవాళ్ళున్నారు. మేం అలా అనుకోవడం లేదు. ఎవరు దేనికి తగినవాళ్ళు, ఎవరు కారు అన్న తీర్పు ఈ సమాజం ఎట్లా చెప్తుందో తెలుసుకోవాలంటే ఈ తగువును కాసేపు శ్రద్ధగా వినాలి. అర్హత అన్న ఒక్క మాటతో బడి నుంచి కొలువు దాకా మమ్మల్ని ఆపినవాళ్ళను చూశాం. అందుకే ఆ మాట ఎక్కడ వినిపించినా మా చెవులు నిక్కబొడుచుకుంటాయి.

ఈ తగువు అన్నిటికన్నా గట్టిగా జరిగింది ఏడో సీజన్ అప్పుడు. 2023 డిసెంబరు 17న సిద్దిపేట జిల్లా గజ్వేల్ మండలం కొల్గూరుకు చెందిన పల్లవి ప్రశాంత్ గెలిచాడు. సీరియల్ నటుడు అమర్‌దీప్ చౌదరి రెండో స్థానంలో, నటుడు శివాజీ మూడో స్థానంలో నిలిచారు. 50 లక్షల బహుమతిలో 15 లక్షలు తీసుకుని ప్రిన్స్ యావర్ ముందే తప్పుకోవడంతో ప్రశాంత్‌కు 35 లక్షలు దక్కాయి. కారు, నగ అదనం. పొలం పనుల మీద వీడియోలు తీసుకునే కుర్రాడు, లోపలికి పిలవండంటూ అన్నపూర్ణ స్టూడియో చుట్టూ తిరిగిన కుర్రాడు, చివరికి అదే స్టూడియోలో నాగార్జున చేతుల మీదుగా కప్పు అందుకున్నాడు. సామాన్యుల్లో నుంచి వచ్చినవాడు తెలుగు బిగ్‌బాస్ గెలవడం అదే మొదటిసారి.

వెంటనే లెక్కలు తీయడం మొదలైంది. రైతుబిడ్డ అని చెప్పుకుని సానుభూతి దండుకున్నాడన్నారు. శివాజీ నీడలో ఆడాడన్నారు. నామినేషన్లప్పుడు ఒక మనిషి, నాగార్జున ముందు ఇంకో మనిషి అన్నారు. అమర్‌దీప్ ఎక్కువ కష్టపడ్డాడన్నారు. ఇందులో కొన్ని మాటలు ఆట చూసినవాళ్ళు ఎవరైనా అనగలిగేవే. ఆటను విమర్శించడం తప్పు కాదు. ఆ సీజన్లో ఇంటికి మొదటి కెప్టెన్ అయింది ప్రశాంతే అని అటువైపు వాళ్ళు గుర్తు చేశారు. అదీ ఆట గురించిన మాటే. మేం పట్టించుకోవాలంటున్నది ఆట మీద మాటలను కాదు, ఆటను దాటి వచ్చిన మాటను. వాడు గెలిచాడు సరే, గెలిచే అర్హత ఉందా అన్న మాటను.

పరీక్ష ఎక్కడ జరిగింది?

బిగ్‌బాస్ నియమం ఒక్కటే. హాట్‌స్టార్ యాప్‌లోనో మిస్డ్ కాల్ ద్వారానో ఎవరికి ఎక్కువ ఓట్లు పడితే వాళ్ళే విజేత. టాస్కుల మార్కులు కలిపి ర్యాంకులిచ్చే పద్ధతి అందులో లేదు. వంద రోజులు బాగా ఆడినవాడికి ఇంత, బాగా మాట్లాడినవాడికి ఇంత అని కొలిచే తూకం లేదు. ఇంకా చెప్పాలంటే ఆ ఓట్ల పూర్తి లెక్కను కూడా ఛానల్ బయట పెట్టదు. మనకు కనిపించేది గంటసేపు కత్తిరించి అతికించిన బొమ్మ. ఎవరి కన్నీళ్ళు ఎంతసేపు చూపాలో, ఎవరి కోపం దాచాలో ఎడిటింగ్ గదిలో నిర్ణయమవుతుంది.

అంటే ఇది జనాదరణ పోటీ. జనాదరణ పోటీలో జనం ఆదరించినవాడికి అర్హత లేదనడం ఏం తర్కం? ఓటే కొలమానమైన చోట ఓట్లు తెచ్చుకోవడమే అర్హత. కానీ కొందరు గెలిచినప్పుడు మాత్రం లేని పరీక్ష ఒకటి పుట్టుకొస్తుంది. ఆ పరీక్షకు సిలబస్ ఉండదు, తేదీ ఉండదు. ఫలితం మాత్రం ముందే సిద్ధంగా ఉంటుంది.

ఎవరి చేతిలోది కార్డు, ఎవరి చేతిలోది కష్టం?

ఆ సీజన్లో ఎక్కువగా వినబడ్డ మాట కార్డు. రైతు కార్డు వాడుతున్నాడు, సింపతీ కార్డు వాడుతున్నాడు. తోటి పోటీదారులు నామినేషన్లలో అన్నారు, బయట చూసేవాళ్ళు అన్నారు. సరే, అమర్‌దీప్ చేతిలో ఏముంది? స్టార్ మాలోనే వచ్చిన జానకి కలగనలేదు సీరియల్ హీరోగా ఆయన అంతకుముందే ఇంటింటికీ పరిచయం. అదే సీరియల్ హీరోయిన్ ప్రియాంక జైన్, కార్తీకదీపం నటి శోభాశెట్టి కూడా అదే ఇంట్లో ఉన్నారు. ఏ ఛానల్లో షో వస్తోందో ఆ ఛానల్ ప్రేక్షకులకే రోజూ రాత్రి కనిపించిన ముఖాలవి. ఆ పరిచయం ఓట్లుగా మారితే దాన్ని ఎవరూ సీరియల్ కార్డు అనలేదు. అది వాళ్ళ కెరీర్, వాళ్ళ కష్టం. నిజమే, కష్టమే. అయితే పొలంలో వంగి చేసింది కష్టం కాదా? ఒకరి గతం పెట్టుబడి, ఇంకొకరి గతం కార్డు ఎట్లా అయింది?

ఈ ప్రశ్న మాకు కొత్త కాదు. కోచింగ్ సెంటర్‌కు లక్షలు కట్టగలిగిన తండ్రి ఉండడం, ఇంట్లో ఇంగ్లిషు మాట్లాడే తాత ఉండడం, ఆఫీసులో పలకరించే మేనమామ ఉండడం కోటా కిందకు రావు. అవి గాలిలా కనబడవు. మా పిల్లల చేతిలోని కుల ధ్రువపత్రం ఒక్కటే అందరికీ కనబడుతుంది. 2022 జనవరిలో నీట్ పీజీ సీట్లలో ఓబీసీ రిజర్వేషన్‌ను సమర్థిస్తూ సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. పోటీ పరీక్షలో వచ్చిన మార్కు ఒక్కటే ప్రతిభ కాదని, ఆ మార్కు వెనక కొందరికి తరతరాలుగా అందిన సామాజిక, ఆర్థిక అనుకూలతలు అందులో కనబడవని.

ఇంత చెప్పినా అర్హత అడిగేవాళ్ళు ఆగరు. రోహిత్ వేముల హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో జనరల్ కేటగిరీలోనే సీటు తెచ్చుకున్నాడు. ఏ పరీక్ష పాసైతే అర్హత వస్తుందంటారో ఆ పరీక్షే పాసయ్యాడు. 2016 జనవరి 17న అతను చనిపోయాక, అతన్ని అక్కడిదాకా నెట్టింది ఏమిటన్న ప్రశ్న పక్కకు పోయి అతను దళితుడేనా అన్న విచారణ మొదలైంది. ఓ టీవీ షో గెలుపు మీద తగువునూ ఓ విద్యార్థి చావునూ ఒక గాటన కట్టడం మా ఉద్దేశం కాదు. ఆ రెండింటిలో వాడిన పనిముట్టు ఒకటే అని చెప్పడమే. నియమం ప్రకారం నెగ్గినా, నెగ్గినవాణ్ణి బోనులో నిలబెట్టడమే ఆ పనిముట్టు.

ముందు అనుమానం, తర్వాత మౌనం

2019లో మూడో సీజన్ గెలిచిన రాహుల్ సిప్లిగంజ్ సంగతీ గుర్తు చేసుకుందాం. హైదరాబాద్ పాతబస్తీ గల్లీల పాట పాడేవాడు. తండ్రి సెలూన్లో పని చేసినవాడు. ఆ విషయం ఎక్కడా దాచుకోలేదు. శ్రీముఖిని దాటి అతను గెలిస్తే, టాస్కుల్లో బద్ధకం, అర్హత లేదు అన్నారు. 2023 మార్చిలో అదే రాహుల్ ఆస్కార్ వేదిక మీద కాలభైరవతో కలిసి నాటు నాటు పాడాడు. ఆ మర్నాటి నుంచి అందరికీ మనవాడే. ఎవరో పెద్దవాళ్ళు అవుననేదాకా మనవాడి గెలుపు మనకే అనుమానం.

పక్కనున్న మహారాష్ట్రలోనూ ఇదే కథ. 2024 అక్టోబరులో మరాఠీ బిగ్‌బాస్ ఐదో సీజన్‌ను బారామతి తాలూకాకు చెందిన సూరజ్ చవాన్ గెలిచాడు. తల్లిదండ్రులు లేని పేద ఇంటి పిల్లవాడు, రీల్స్ చేసుకుని పేరు తెచ్చుకున్నవాడు. ఓడింది మొదటి ఇండియన్ ఐడల్ విజేత అభిజీత్ సావంత్. అక్కడా అదే మాట. జాలితో గెలిచాడని.

రైతుబిడ్డ అన్న మాటలో మేమున్నామా?

ఇక్కడిదాకా ప్రశాంత్ వైపు మాట్లాడాం. ఇప్పుడు మా వైపు నుంచి ఒక మాట అడగాలి. ప్రశాంత్ కులం ఏమిటన్నది ఇక్కడ విషయం కాదు. రైతుబిడ్డ అన్న పిలుపుకు అన్ని ఓట్లు పడ్డాయంటే ఆ మాటకు ఈ నేల మీద ఒక గౌరవం ఉంది. ఆ గౌరవం పొలంలో దిగే అందరికీ దక్కుతుందా?

2011 జనాభా లెక్కల్లో దేశంలో ఎస్సీలు 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణనలో ఎస్సీల చేతిలో ఉన్న కమతాలు దాదాపు 12 శాతం, విస్తీర్ణంలో చూస్తే 9 శాతం లోపే. పని చేసే ఎస్సీల్లో సగానికి దగ్గరగా వ్యవసాయ కూలీలే. నాటు వేసేది, కలుపు తీసేది, పత్తి ఏరేది మా తల్లులు. అయినా కాగితాల మీద వాళ్ళు రైతులు కారు. తెలంగాణలో 2018లో రైతుబంధు మొదలైనప్పుడు పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాళ్ళకే డబ్బు పడింది. కౌలుకు చేసేవాళ్ళకు పడలేదు, కూలీకి పడనే లేదు.

కాబట్టి మా ప్రశ్న ఇది. రేపు ఒక పిల్ల ఆ ఇంట్లోకి వెళ్ళి నేను కూలిబిడ్డను, మాదిగబిడ్డను అని చెప్పుకుంటే ఓట్లు పడతాయా? లేక, కులం ఎందుకు తెస్తున్నావమ్మా, ఇది ఆట కదా అని మొదటి శనివారమే క్లాసు పీకుతారా? మా అనుమానం రెండోదే. రైతు అనడం సానుభూతి కార్డయితే, కులం పేరు చెప్పడం గొడవ పెట్టడం అవుతుంది.

అనుమానానికి ఆధారం ఉంది. 2017లో మొదటి సీజన్లో కత్తి మహేష్ ఉన్నారు. సినిమా విమర్శకుడు, దళితుణ్ణని బాహాటంగా చెప్పుకున్న మనిషి. కొద్ది వారాలకే బయటకు వచ్చేశారు. ఆ తర్వాత ఆయన నోరు తెరిచిన ప్రతిసారీ జరిగిన దాడి, 2018లో హైదరాబాద్ నుంచి ఆరు నెలల బహిష్కరణ అందరికీ తెలిసినవే. పల్లె యాసను ముద్దు చేసే తెర, పల్లెలో వాడ గురించి మాట్లాడే నోటిని ముద్దు చేయదు.

తమిళంలో దీనికి ఇంకో రూపం చూశాం. 2023 జనవరి 22న ముగిసిన ఆరో సీజన్లో జర్నలిస్టు, విడుతలై చిరుతైగళ్ కట్చి ప్రతినిధి విక్రమన్ రెండో స్థానంలో నిలిచారు. గెలిచింది సీరియల్ నటుడు అజీమ్. ఇంట్లో అతని ప్రవర్తన మీద కమల్ హాసన్ పలుమార్లు గట్టిగా మందలించారు కూడా. మూడో స్థానం ట్రాన్స్ మహిళ శివిన్ గణేశన్‌ది. విక్రమన్‌కు ఓటేయమని ఎంపీ తిరుమావళవన్ ట్విట్టర్‌లో అడిగితే, ఆటలోకి రాజకీయం తెస్తారా అని విరుచుకుపడ్డారు. ఆ రోజు అర్హుడు ఓడిపోయాడని బాధపడింది మనవాళ్ళు. ఆ బాధ అర్థమవుతుంది. కానీ అక్కడా ఓటే తీర్పు. మనవాడు ఓడినప్పుడు అర్హత తూకం బయటకు తీసి, మనవాడు గెలిచినప్పుడు దాన్ని దాచేస్తే మన మాటకు విలువ ఉండదు.

స్టూడియో గేటు బయట

ఈ తగువు ఎక్కడిదాకా పోతుందో డిసెంబరు 17 రాత్రి జూబ్లీహిల్స్‌లో చూశాం. ఫైనల్ అయ్యాక అభిమానుల గుంపులు రోడ్డెక్కాయి. అమర్‌దీప్ కుటుంబం ఉన్న కారు మీద దాడి చేశారు. ఆర్టీసీ బస్సుల అద్దాలు పగలగొట్టారు. అప్పటికి మహిళలకు ఉచిత ప్రయాణం మొదలై ఎనిమిది రోజులే. ఆ బస్సుల్లో ఎక్కేది ఇళ్ళల్లో పనికి పోయే ఆడవాళ్ళు, కూరగాయల గంపతో వచ్చేవాళ్ళు. రైతుబిడ్డ గెలిచాడని పగలగొట్టింది రైతుకూలీ ఎక్కే బస్సునే. దీన్ని ఏ మాటతోనూ సమర్థించలేం. ఓడినవాడి తల్లి భయంతో వణికితే అది ఎవరి గెలుపూ కాదు.

చెప్పిన మాట వినకుండా ర్యాలీ తీశాడంటూ పోలీసులు ప్రశాంత్ మీద కేసు పెట్టారు. 20న కొల్గూరులో అరెస్టు చేసి చంచల్‌గూడ జైలుకు పంపారు. కొద్ది రోజులకే బెయిల్ వచ్చింది. అభిమానులుగా వచ్చిన కుర్రాళ్ళ మీదా కేసులు పడ్డాయి. ఆ జనాన్ని మూడున్నర నెలలు రెండు శిబిరాలుగా చీల్చి, ఆ కొట్లాట మీద ప్రకటనలు అమ్ముకున్న వ్యాపారం మాత్రం మరుసటి ఏడాది ఎనిమిదో సీజన్ పెట్టుకుంది. కోర్టు చుట్టూ తిరిగే పిల్లలది ఏ ఊరో, ఏ వాడో ఛానల్‌కు అవసరం లేదు. మనకు అవసరం.

గెలిచిన సొమ్ము రైతులకు పంచుతానన్న ప్రశాంత్ మాట మీద కూడా ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. మాటిచ్చినవాణ్ణి అడగొచ్చు, అడగాలి. అయితే 35 లక్షలతో రైతు కష్టం తీరదని అడిగేవాళ్ళకూ తెలుసు. కౌలు రైతుకు గుర్తింపు కార్డు, కూలికి గిట్టుబాటు, సాగు చేసే దళితుడికి భూమి ఇవ్వాల్సింది ప్రభుత్వం. ఒక షో విజేతను ఆ బాకీకి జవాబుదారు చేసి, అసలు బాకీదారును వదిలేస్తున్నాం.

మళ్ళీ డిసెంబరు వస్తుంది. మళ్ళీ తగువు పడతాం. పడదాం, నష్టం లేదు. ఆట బాగా ఆడలేదంటే అందాం. కానీ వాడికి అర్హత ఉందా అని ఎవరైనా అంటే, ఆ అర్హత ఏ నియమంలో రాసి ఉందో చూపించమని అక్కడికక్కడే అడుగుదాం. టీవీ ముందు అడగడం అలవాటైతే, ఇంటర్వ్యూ గదిలో మన బిడ్డను అదే ప్రశ్న వేసినప్పుడు తల వంచుకోకుండా తిరిగి అడగడం తనకూ వస్తుంది.