జంగఢ్‌ను ఏ గదిలో పెడతారు?

మా బడిలో ఒక పిల్ల దుప్పి బొమ్మ వేసింది. కొమ్ముల నిండా ఆకులు, ఆకుల నడుమ పిట్టలు. "దుప్పి కొమ్ములకు ఆకులు మొలుస్తాయా? సరిగ్గా వెయ్యి" అన్నాం. ఆ పిల్ల మారు మాట్లాడకుండా రబ్బరు తీసుకుని ఆకులన్నీ చెరిపేసింది. చాలా రోజుల తర్వాత ఒక పుస్తకంలో జంగఢ్ సింగ్ శ్యామ్ బొమ్మలు చూశాం. అక్కడా దుప్పి కొమ్ములు చెట్టు కొమ్మలై పైకి పాకుతున్నాయి. తల దించుకున్నాం. ఆదివాసీ టీచర్లమై ఉండి, మన పిల్ల చేత మన అడవిని చెరిపించింది మేమే.

జంగఢ్ ఎవరో మన యువతలో చాలామందికి తెలియదు. టీచర్ ట్రైనింగులో మాకూ ఎవరూ చెప్పలేదు. 1960ల మొదట్లో మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్ అనే పల్లెలో పుట్టాడు. పర్ధాన్ గోండు. గోండుల వంశగాథలు, దేవుళ్ళ కథలు పాడేవాళ్ళు పర్ధానులు. అక్కడ బానా వాయిస్తూ పాడతారు, మన ఆదిలాబాద్‌లో కిక్రి వాయిస్తూ పాడతారు. పేదరికం వల్ల జంగఢ్ చదువు మధ్యలోనే ఆగింది. పశువులు కాశాడు, కూలికి వెళ్ళాడు. 1981లో భోపాల్‌లోని భారత్ భవన్ కోసం చిత్రకారుడు జె. స్వామినాథన్ పంపిన బృందం ఆ పల్లెకు వచ్చింది. ఒక ఇంటి గోడ మీద అతను వేసిన హనుమంతుడి బొమ్మ వాళ్ళ కంటపడింది. అలా ఆ కుర్రవాడు భోపాల్ చేరాడు. 1986లో ఆ రాష్ట్ర ప్రభుత్వం శిఖర్ సమ్మాన్ ఇచ్చింది. 1989లో పారిస్‌లోని పాంపిడూ కేంద్రం పెట్టిన పెద్ద ప్రదర్శనలో అతని బొమ్మలున్నాయి. భోపాల్ శాసనసభ భవనం గోడల మీదా ఉన్నాయి.

ఇంత చేసినవాడిని ఏమని పిలుస్తున్నారు? "గిరిజన కళాకారుడు", "జానపద కళ". కొన్నిచోట్ల ఇంకో మాట కూడా తగిలిస్తారు: "వేల ఏళ్ళుగా మారని సంప్రదాయం". ఈ మాట అబద్ధం. జంగఢ్ కంటే ముందు ఇంటి గోడల మీద, నేల మీద వేసే దిగ్నా ముగ్గులున్నాయి, ఒంటి మీద పచ్చబొట్లున్నాయి. కాని బడాదేవ్‌కు ముఖం లేదు. ఆయన సాజా చెట్టులో ఉన్నాడు, పర్ధాన్ పాటలో ఉన్నాడు. చెవితో విన్న దేవుళ్ళను కాగితం మీదికి, కాన్వాస్ మీదికి తెచ్చి, చుక్కలు చుక్కలుగా ఒళ్ళు కట్టింది జంగఢ్. అందుకే ఆ శైలికి 'జంగఢ్ కలమ్' అని పేరొచ్చింది. ఒక మనిషి తన తలతో, తన చేతితో కనిపెట్టినదాన్ని జాతి మొత్తానికి తాతల నాటి అలవాటుగా రాయడం గౌరవం కాదు. అది ఆ మనిషి పేరు చెరిపేయడం.

ఇదే పని పారిస్‌లో పుట్టినవాడు చేస్తే ఏమనేవాళ్ళు? 1924లో ఆంద్రే బ్రెతాన్ అధివాస్తవికత ప్రణాళిక రాశాడు. కలను, మనసు అడుగున ఉన్నదాన్ని బొమ్మగా, కవితగా తేవాలన్నాడు. జంతువు చెట్టుగా మారితే, మనిషి పక్షిగా మారితే అక్కడ దాన్ని సర్రియలిజం అన్నారు, మ్యూజియంలో ముందు గది ఇచ్చారు. మనం వేస్తే వెనక గది. అసలు ఆ సర్రియలిస్టులు ఆఫ్రికా, అమెరికా, పసిఫిక్ దీవుల ఆదివాసుల శిల్పాలు, కొయ్య ముసుగులు పోగేసుకున్నవాళ్ళే. 1931లో బ్రెతాన్, పాల్ ఎలువార్ తమ సేకరణను పారిస్‌లో వేలం వేశారు. అమ్మినవాళ్ళ పేర్లు చరిత్రలో ఉన్నాయి. చెక్కినవాళ్ళ పేర్లు ఎక్కడ?

అయితే జంగఢ్‌ను కూడా సర్రియలిస్టు అనండి అని మేము బతిమాలడం లేదు. వాళ్ళకు అది కల. మనకు బడాదేవ్ కల కాదు, ఇంటి పెద్ద. దుప్పికీ చెట్టుకీ చుట్టరికం ఉందని మన పాటలు చెబుతాయి. మనం అడిగేది ఒక్కటే. అతన్ని మన కాలపు చిత్రకారుడనండి. స్వామినాథన్ ఆ రోజుల్లోనే నగర చిత్రకారుల బొమ్మలనూ ఆదివాసుల బొమ్మలనూ ఒకే కప్పు కింద పెట్టాడు. ఇన్నేళ్ళయినా మిగతావాళ్ళకు అది చేతకావడం లేదా?

"ఆదివాసీ అన్న పేరు వల్లే కదా మీ బొమ్మలు అమ్ముడుపోతున్నాయి, ఆ పేరు వద్దంటారేం?" అని కొందరు అడుగుతారు. ఆ పేరు మాకు వద్దని ఎవరన్నారు? ఆదివాసీ అని మనం గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పుకుంటే అది మన ఉనికి. అదే మాటతో ఎవరో మన చుట్టూ కంచె వేసి ధర తగ్గిస్తే అది వివక్ష.

ఆ కంచె ఖరీదు చిన్నది కాదు. బొమ్మలు వేయడానికి జపాన్‌లోని నీగాతా ప్రాంతంలో ఉన్న మిథిలా మ్యూజియంకు వెళ్ళిన జంగఢ్ 2001 జూలైలో అక్కడే చనిపోయాడు. ఆత్మహత్య అన్నారు. అప్పటికి నలభై ఏళ్ళ లోపే. ఇంటికి రావాలని ఉందంటూ అతను రాసిన ఉత్తరాల సంగతి తర్వాత బయటికొచ్చింది. చాలామంది కళాకారులు నిలదీశారు. కాని బతికుండగా అడగాల్సిన ప్రశ్నలున్నాయి. ఒప్పందంలో ఏముంది? అది అతని భాషలో ఉందా? తిరిగి ఎప్పుడు వస్తాడు? పక్కన మాట్లాడే తోడెవరు? పేరున్న నగర చిత్రకారుడి విషయంలో ఇవన్నీ ముందే తేలుతాయి. 2010లో న్యూయార్క్ వేలంలో సాలీడు ఉన్న అతని చిత్రం 31,250 డాలర్లకు అమ్ముడైంది. అప్పటికి మనిషి పోయి తొమ్మిదేళ్ళు.

జంగఢ్ తన బంధువులను, ఊరివాళ్ళను భోపాల్ పిలిపించి కుంచె పట్టించాడు. వాళ్ళలో ఒకరైన భజ్జు శ్యామ్ లండన్ వెళ్ళి వచ్చి 'లండన్ జంగిల్ బుక్' వేశాడు. అందులో బిగ్ బెన్ గడియారం కోడిపుంజయింది, ఎర్ర బస్సు నమ్మకమైన కుక్కయింది. ఇన్నాళ్ళూ వాళ్ళు మనల్ని చూసి బొమ్మలు గీశారు, ఇప్పుడు మనం వాళ్ళను చూసి గీశాం. 2018లో భజ్జుకు, 2022లో దుర్గాబాయి వ్యామ్‌కు పద్మశ్రీ వచ్చింది.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! మీ బొమ్మ కింద మీ పేరు, తేదీ రాయండి. ఎవరైనా కొంటే కాగితం మీద మాట రాయించుకోండి, చదవకుండా సంతకం పెట్టకండి. ఊళ్ళో గోడ మీద బొమ్మ చూస్తే వేసిన అమ్మ పేరు అడిగి రాసిపెట్టండి.

తోటి టీచర్లకు ఒక మాట. డ్రాయింగు పీరియడ్‌లో బోర్డు మీద రెండు కొండలు, మధ్యలో సూర్యుడు వేసి దించమనడం ఇక మానేద్దాం. పిల్లల ఇంట్లో వినే కథను వేయమందాం. కొమ్ములకు ఆకులు ఎందుకు మొలిచాయో ఆ పిల్లనే అడుగుదాం. మేము ఆ రోజు అడగలేదు. మనల్ని వెనక గదిలో పెట్టారని మ్యూజియం వాళ్ళను నిలదీయాలంటే, ముందు మన బడిలో రబ్బరు కింద పెట్టాలి.