పాటలే కదా!

"ఏం పోయాయి? పాటలేనా? ఇంకా నయం, ముఖ్యమైనవేవీ పోలేదు."

మావారు అన్నారు, మా వాడు అన్నాడు, షాపతను అన్నాడు. పరామర్శకి ఫోన్ చేసిన మా ఆడపడుచు కూడా అదే మాట అన్నాక నాకు ఒళ్ళు మండింది. ఆ కోపమంతా ఇవాళ ఇక్కడ కక్కేస్తున్నాను. ఓపికున్నవాళ్ళు చదవండి.

2020 జూన్‌లో మా వాడికి ఆన్‌లైన్ క్లాసులు మొదలయ్యాయి. నాచారంలో మా ఇంట్లో ఉన్నది పాత కంప్యూటర్, అందులో విండోస్ 7. దానికి మైక్రోసాఫ్ట్ వాళ్ళు ఆ జనవరి 14తోనే నీళ్ళొదిలేశారు. క్లాసు మధ్యలో ఆగిపోతోందని మావారు ఉప్పల్‌లో ఒక షాపుకి పట్టుకెళ్ళి విండోస్ 10 వేయించారు. తీసుకెళ్ళేముందు ఆయన ఆఫీసు ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నారు. మా వాడు ప్రాజెక్టులూ ఆటలూ డి డ్రైవ్‌లోకి మార్చుకున్నాడు. నేను వంటింట్లో ఉన్నాను. "నీవేమైనా ఉన్నాయా?" అని గుమ్మం దాకా వచ్చి ఒక్కరు అడిగితే సరిపోయేది. షాపతను ఫోన్ చేసి "డేటా అంతా తీసుకున్నారా సార్?" అంటే "ఆఁ, అంతా తీసేసుకున్నాం" అన్నారట. ఆ "అంతా"లో నేను లేను.

నా పాటల ఫోల్డర్ డెస్క్‌టాప్ మీద ఉండేది. కంప్యూటర్ తెరవగానే కంటికెదురుగా కనిపిస్తుంది కదా, అంతకంటే భద్రమైన చోటు ఏముంటుందనుకున్నాను. ఆ డెస్క్‌టాప్ సి డ్రైవ్‌లోనే ఒక మూల అనీ, విండోస్ కొత్తగా వేసేవాళ్ళు ముందు తుడిచేది దాన్నేననీ నాకు తెలీదు. ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు, ఆ తప్పు నాదే.

"దానికంత ఏడుపెందుకు, అన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయిగా" అంటారు. సరే, ఉన్నాయే అనుకుందాం. సుశీలమ్మ పాడినవి 17,695 పాటలని 2016లో గిన్నిస్ వాళ్ళు లెక్క తేల్చారు. అవి ఎక్కడో ఒకచోట దొరుకుతాయి, కాదనను. కానీ పొద్దున ఇడ్లీ పిండి కలిపేటప్పుడు ఏ పాట తర్వాత ఏ పాట రావాలో పదకొండేళ్ళు కూర్చుకున్న వరస యూట్యూబ్‌లో లేదు. పైగా ఇంటర్నెట్‌లో ఉందంటే శాశ్వతంగా ఉన్నట్టేనని ఎవరు చెప్పారు? మైస్పేస్ అని పెద్ద సైటు ఉండేది. 2015 దాకా జనం అందులో ఎక్కించిన పాటలన్నీ సర్వర్లు మార్చేటప్పుడు పోయాయని 2019లో చేతులెత్తేసింది. అంత పెద్దవాళ్ళే ఉప్పల్ షాపతను చేసిన పనే చేశారన్నమాట.

ఇదంతా సినిమా పాటల సంగతి. ఆ ఫోల్డర్‌లో "అమ్మ" అని ఇంకో ఫోల్డర్ ఉండేది. అందులో పదకొండే పాటలు.

నేను బీయే చివరి ఏడాదిలో ఉండగా మా తెలుగు లెక్చరర్ ఊళ్ళలో పాడే పాటలు సేకరించి రాసుకురమ్మన్నారు. చేత్తో రాసే ఓపిక లేక జనగామలో మా ఇంటి టేప్ రికార్డర్ అమ్మ ముందు పెట్టి బటన్ నొక్కాను. బతుకమ్మ పాటలు, ఒక లాలి, అప్పగింతల పాట, మంగళహారతులు. మధ్యలో నాన్న దగ్గు, వాకిట్లో సైకిల్ బెల్లు, "ఇగ చాలు తియ్యే, అన్నం మాడుతున్నది" అని అమ్మ కసురుకోవడం, అన్నీ ఉన్నాయి. 2009లో టేప్‌కీ కంప్యూటర్‌కీ ఒక తీగ తగిలించి ఆడాసిటీలో వాటిని ఎంపీత్రీలు చేసుకున్నాను. ఆ క్యాసెట్ తర్వాత బూజు పట్టి పోయింది. అమ్మ కూడా పోయి ఇప్పటికి ఆరేళ్ళు.

ఇక్కడికి కూతవేటు దూరంలో ఉన్న ఉస్మానియాలో బిరుదురాజు రామరాజుగారు ఇలాంటి జానపద గేయాల మీదే పరిశోధన చేసి డాక్టరేట్ తెచ్చుకున్నారు. యూనివర్సిటీలో పాడితే సాహిత్యమట, ఇంట్లో పాడితే పాటలే కదా అట!

నేను ముఖం మాడ్చుకుని కూర్చున్నానని మావారు జాలిపడి, ఆ రాత్రి కూర్చుని సినిమా పాటలు రెండు వందల దాకా డౌన్‌లోడ్ చేసిపెట్టారు. పాపం, మనసు మంచిదే. మర్నాడు పై వాటాలో ఉండే ఇంజనీరింగ్ అమ్మాయికి చెప్పుకుని ఏడిస్తే ఆ పిల్ల అదిరిపడింది. "ఆంటీ, ముందు ఆ కంప్యూటర్ ఆపేయండి! డౌన్‌లోడ్ చేసిన ప్రతి పాటా పాతవాటి మీదే పడుతుండొచ్చు" అంది.

అప్పుడు తెలిసింది నాకు. మామూలుగా త్వరగా చేసే ఫార్మాట్ పుస్తకంలో విషయసూచిక చింపేయడం లాంటిదట. పేజీలు అలాగే ఉంటాయి, వాటి మీద ఇంకోటి రాసేదాకా. మాది పాతకాలపు హార్డ్ డిస్క్ కాబట్టి ఆ మాత్రం ఆశైనా ఉంది. ఇప్పటి ఎస్ఎస్‌డీల్లో ఖాళీ అయిన చోటును అదే తుడిచేసుకుంటుందట, ఇక దొరకడం దాదాపు కల్ల. అంటే నన్ను ఓదార్చడానికి తెచ్చిన పాటలే మా అమ్మను తుడిచేస్తున్నాయి.

ఆ అమ్మాయి డిస్క్ ఊడదీసి తన ల్యాప్‌టాప్‌కి తగిలించింది. ఫోటోరెక్ అని ఉచితంగా దొరికే ప్రోగ్రామ్ ఉంది, పేరు చూసి ఫోటోలకే అనుకోకండి. దొరికినవాటిని అదే డిస్క్‌లో కాకుండా వేరే డిస్క్‌లోకి తీయాలి, అది మాత్రం మర్చిపోవద్దు. రాత్రంతా నడిచింది. తెల్లారేసరికి వేల ఫైళ్ళు, ఒక్కదానికీ పేరు లేదు. ఎఫ్ అనే అక్షరం, పక్కన బారెడు అంకెలు. సినిమా పాటలకి ఫైలు లోపలే పాట పేరూ గాయకుల పేర్లూ రాసి ఉంటాయట, ఎంపీత్రీట్యాగ్ అనే ఇంకో ప్రోగ్రామ్‌తో వాటి పేర్లు చాలావరకు తిరిగొచ్చాయి. నేను ఏళ్ళ తరబడి కూర్చిన వరస మాత్రం రాలేదు.

అమ్మ పాటలకి లోపల ఏ పేరూ లేదు. వాటికి పేరు రాసి ఉంచాల్సిందాన్ని నేనే, రాయలేదు. ఒక్కొక్కటే తెరిచి వింటూ పోయాను. కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టుకుంటూ తొమ్మిది రోజులు. పదకొండింటిలో ఏడు నిండుగా దొరికాయి. మూడు లేవు, లాలి పాట అందులోనే పోయింది.

ఇంత జరిగాక కూడా "బ్యాకప్ నీకు రాదులే, నేను చూసుకుంటా" అన్నారు మావారు. నాకు రాదా? పచ్చడి పెట్టినప్పుడు పెద్ద జాడీ అటక మీద పెట్టి, రోజువారీకి చిన్న సీసాలోకి తీసుకునేది ఎవరు? తడి గరిటె తగిలినా సీసాలోదే పాడవుతుంది, జాడీ జాడీలా ఉంటుందని అత్తగారికి కొత్తకోడలిగా నేను చెప్పించుకోలేదా? మనకి పద్ధతి తెలుసు. ఆ పెట్టెలో ఏది జాడీయో ఏది సీసాయో మనకి చెప్పరు, అంతే. చెప్పరు కాబట్టి మనమే అడగాలి. మీ ఫోటోలు, మీ పాటలు, మీరు రాసుకున్నవి ఏ డ్రైవ్‌లో ఉన్నాయో ఈ పూట వంటయ్యాక వెళ్ళి చూడండి. మీ వాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

ఇప్పుడు అమ్మ పాటలు మూడుచోట్ల ఉన్నాయి. నా బీరువాలో ఒక పెన్‌డ్రైవ్, బయట కొన్న డిస్క్‌లో ఒక కాపీ, జనగామలో మా వదిన దగ్గర ఇంకోటి. ఒక్కోదానికీ పేరు, ఏడాది, పాడింది ఎవరో రాశాను.

ఏడు దొరికాయి, మూడు పోయాయి అన్నాను కదా, మిగిలిన ఆ ఒక్కటీ అప్పగింతల పాట. రెండు నిమిషాలు అమ్మ పాడుతుంది. రాగం తీస్తూ గొంతు పైకి ఎత్తుతుంది, అంతే, చరణం మధ్యలోంచి మావారు ఆ రాత్రి దించిన డ్యూయెట్ ఒకటి డోలక్‌తో సహా మొదలైపోతుంది. "ఆ తర్వాతది కోసేయొచ్చుగా" అంటాడు మా వాడు, వినలేక. కోయను. ఆయనకి వినబడాలి.