ఆడిపోసుకున్న ఆట

పేరు పెట్టేముందు బిడ్డ మొహం చూసి మురిసిపోవడం లోకరీతి. మొహం చూడగానే వెక్కిరింపు పేరు తగిలించుకున్న కుర్రాడొకడు వీడియో గేముల లోకంలో ఉన్నాడు. వాడి పేరు లింక్. వెక్కిరింపు పేరు ‘సెల్డా’. ఆ పేరు వెనకున్న కథ ఆటలాడేవాళ్లకే కాదు, ఎన్నడూ ఆడనివాళ్లకూ పనికొస్తుంది.

ముందు వంశవృక్షం చెప్పుకోవాలి. జపాన్‌లోని క్యోటో నగరంలో ఉన్న నింటెండో కంపెనీ 1986లో ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా’ అనే సాహస గేమును విడుదల చేసింది. దాన్ని సృష్టించినవారిలో ముఖ్యుడు షిగెరు మియమోటో. చిన్నప్పుడు సొనొబె అనే ఊళ్లో అడవులు, గుహలు గాలించిన అనుభవమే ఆ గేముకు ప్రేరణ అని ఆయన చెప్పుకున్నారు. కథ మనకు కొత్తదేమీ కాదు. ఒక రాజ్యం, ఒక యువరాణి, ఒక రాక్షసుడు, ఒక పల్లెటూరి కుర్రాడు. రాజ్యం పేరు హైరూల్. యువరాణి జెల్డా. రాక్షసుడు గానన్. పేరేమో యువరాణిది, పరుగులన్నీ కుర్రాడివి! అన్నట్టు ఆ రాజ్యంలో చెల్లే డబ్బును ఏమంటారో తెలుసా? ‘రూపీ’. గడ్డి కోసినా, కుండ పగలగొట్టినా రూపీలు రాలతాయి. మనకే ఆ అదృష్టం లేదు.

1998లో వచ్చిన ‘ఒకారినా ఆఫ్ టైమ్’ ఈ వరసకు పట్టాభిషేకం చేసింది. మొదటిసారి హైరూల్ మూడు కొలతల్లో కళ్లముందు పరుచుకుంది. గుర్రమెక్కి మైదానంలో దౌడు తీయొచ్చు. పొద్దు వాలుతుంది, చీకటి పడుతుంది. జపాన్‌లోని ‘ఫామిట్సు’ పత్రిక నలుగురు సమీక్షకుల చేత గేములకు మార్కులు వేయిస్తుంది. ఆ పత్రిక నలభైకి నలభై ఇచ్చిన మొట్టమొదటి గేము అదే. పదేళ్లూ పన్నెండేళ్లూ వయసులో దాన్ని ఆడిన పిల్లలు మీసాలు మొలిచేనాటికి అంతకన్నా పెద్దది కావాలని కూర్చున్నారు.

వాళ్ల ఆశకు నింటెండోయే నెయ్యి పోసింది. 2000 ఆగస్టులో తన సొంత ప్రదర్శన ‘స్పేస్‌వరల్డ్’లో, రాబోతున్న గేమ్‌క్యూబ్ యంత్రం సత్తా ఏమిటో చూపడానికి కొన్ని క్షణాల దృశ్యం వేసింది. లింక్, గానన్‌డార్ఫ్ కత్తులు దూశారు. మనుషుల్లాంటి మొహాలు, నిప్పురవ్వలు, వెలుగునీడలు. అది యంత్రానికి నమూనా మాత్రమే, రాబోయే గేము కాదు. కానీ చూసినవాళ్లు రాబోయే గేము ఇదేనని మనసులో రాసేసుకున్నారు.

ఏడాది తిరిగింది. 2001 ఆగస్టు, అదే స్పేస్‌వరల్డ్. తెర మీదికి లింక్ వచ్చాడు. పెద్ద తల, పిల్లి కళ్లు, పొట్టి కాళ్లు. ఆదివారం పొద్దున పిల్లలు చూసే కార్టూన్‌లోంచి దూకినట్టున్నాడు. చాలామంది అభిమానులకు నోట మాట రాలేదు. మాట వచ్చాక అది తిట్టై వచ్చింది. బొమ్మల సినిమాలకు పారదర్శకమైన పలకల మీద బొమ్మలు గీసేవారు. వాటిని ‘సెల్’ అంటారు. ఆ తరహా బొమ్మను కంప్యూటర్‌తో వేయడానికి ‘సెల్ షేడింగ్’ అని పేరు. ‘సెల్’నూ ‘జెల్డా’నూ కలిపి ‘సెల్డా’ అన్నారు. గేము రావడానికి ఇంకా ఏడాది పైనే ఉంది. తీర్పు మాత్రం ముందే వచ్చేసింది.

ఈ రూపం ఎందుకు? దర్శకుడు ఎయిజి అయోనుమాకు ఆ కత్తియుద్ధం దృశ్యం కొత్తగా అనిపించలేదు. పాతదానికే మెరుగు పెట్టినట్టుంది. ఇలా అయితే ముందుకు వెళ్లేదెక్కడికి అన్నది ఆయన చింత. ఆ సమయంలో యోషికి హరుహన అనే చిత్రకారుడు ఈ పెద్దకళ్ల లింక్‌ను గీసి చూపించాడు. బృందానికి దారి దొరికింది. మామూలుగా కంప్యూటర్ బొమ్మలో వెలుగునుంచి నీడలోకి రంగు మెల్లమెల్లగా జారుతుంది. సెల్ షేడింగ్‌లో ఆ జారుడు ఉండదు. ఇక్కడిదాకా వెలుగు, ఇక్కణ్నుంచి నీడ అని గీత గీసినట్టు తెగిపోతుంది. అందుకే చేత్తో వేసిన బొమ్మలా కనిపిస్తుంది.

అది అలంకారం కోసం మాత్రమే కాదు. లింక్ ఈ గేముల్లో దాదాపుగా మాట్లాడడు. మాట్లాడని కథానాయకుడికి మొహమే నోరు. కళ్లు అంత పెద్దవి కావడంతో భయం, చిరాకు, సిగ్గు అన్నీ దూరం నుంచీ తెలుస్తాయి. గదిలో ఒక మూల ఏదో ముఖ్యమైన వస్తువుంటే వాడి చూపు అటు తిరుగుతుంది. ఆడేవాళ్లకు అదే సూచన. కళ్లను వెక్కిరించినవాళ్లు ఆ కళ్లు చేసే పనిని చూడలేదు.

గేము పేరు ‘ది విండ్ వేకర్’. గాలిని మేల్కొలిపేవాడని అర్థం చెప్పుకోవచ్చు. జపాన్‌లో 2002 డిసెంబరులో, అమెరికాలో 2003 మార్చిలో వచ్చింది. ఫామిట్సు దీనికీ నలభైకి నలభై ఇచ్చింది. ఆ పత్రిక చరిత్రలో అలాంటి నాలుగో గేము ఇది. గేమ్‌క్యూబ్‌లో 40 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. తక్కువేం కాదు. కానీ ‘ఒకారినా’ 70 లక్షలు దాటిన ఇంట్లో 40 లక్షలు తెచ్చిన పిల్లవాడిని ఎలా చూస్తారో మనకు చెప్పాలా! అక్క మార్కుల పక్కన తమ్ముడి మార్కులు పెట్టే ఇళ్లు మనవి.

అభిమానంతో కళ్లు మూసుకోవడమూ న్యాయం కాదు. ఈ గేములో నిజమైన లోపాలున్నాయి. కథ అంతా సముద్రం మీద. పటంలో ఏడు వరసలు, ఏడు నిలువులు, మొత్తం 49 గళ్లు. గడికొక దీవి. ఒక దీవి నుంచి ఇంకో దీవికి పడవలో పోవాలి. తెరచాపకు గాలి వాటం కుదరాలి. దిక్కు మారిన ప్రతిసారీ మంత్రదండంలాంటి కర్ర ఊపి, రాగం పలికించి, గాలిని తిప్పుకోవాలి. మొదటి పది సార్లు మహా సరదా. వందోసారికి ఆవలింత. చివరికొచ్చేసరికి ‘ట్రైఫోర్స్’ అనే దివ్యవస్తువు ఎనిమిది ముక్కలై సముద్రం అడుగున పడి ఉంటుంది. వాటి ఆచూకీ చెప్పే పటాలు వెతకాలి. ఆ పటాలు మామూలు కళ్లకు అర్థం కావు. చదివి పెట్టడానికి టింగిల్ అనే పెద్దమనిషి పటానికి 398 రూపీలు గుంజుతాడు. ఎనిమిదింటికి 3,184. దస్తావేజు చదివిపెట్టడానికి ఇంత ఫీజు ఎక్కడా విని ఉండం! గడువు ముంచుకొస్తుండగా కొన్ని చిక్కుగుహలను తీసేయాల్సి వచ్చిందని నిర్మాతలు తర్వాత చెప్పారు. ఆ వెలితి చివరి అంకంలో తెలుస్తుంది.

విచిత్రమేమిటంటే, ఈ లోపాల గురించి జరగాల్సిన చర్చను మొహం మీది గొడవ మింగేసింది. మనం ఏదైనా నచ్చకూడదని ముందే నిశ్చయించుకుంటే, అందులో నిజంగా దిద్దుకోవలసినదాన్ని చూపించే అవకాశం కూడా పోతుంది.

ఇక అసలు సంగతికొస్తాను. ఆ పసిమొహం వెనక ఉన్న కథ ఈ వరసలోకెల్లా బరువైనది.

లింక్ ఒక చిన్న దీవిలో నానమ్మతోనూ చెల్లి ఏరిల్‌తోనూ ఉంటాడు. పాతకాలపు వీరుడి వయసు వచ్చిన రోజున ఆ దీవిలో మగపిల్లలకు ఆకుపచ్చ బట్టలు తొడుగుతారు. అర్థం ఎవరికీ గుర్తులేదు, ఆచారం మిగిలింది. ఉక్కపోతలో ఆ బట్టలు చూసి వాడు మొహం ముడుచుకుంటాడు. ఆ రోజే ఒక రాకాసిపక్షి చెల్లిని ఎత్తుకుపోతుంది. వాడు బయల్దేరేది రాజ్యాన్ని కాపాడటానికి కాదు, చెల్లి కోసం. నడిసముద్రంలోకి వెళ్లాక తెలుస్తుంది, ఆ నీళ్లకింద హైరూల్ ఉందని. గానన్‌డార్ఫ్ తిరిగొచ్చినప్పుడు వీరుడెవరూ రాలేదు. దేవతలు రాజ్యాన్ని నీటముంచారు. కొండల మీదికి పంపినవాళ్లు బతికారు. ఆ కొండ శిఖరాలే నేటి దీవులు.

అంటే, ‘ఒకారినా’లో పిల్లలు గుర్రమెక్కి తిరిగిన రాజ్యానికి దక్కిన గతి ఇది. నీటి అడుగున కోట ఉంది. కాలం ఆగిపోయి, రంగు వెలిసి, నిశ్శబ్దంగా ఉంది. దాన్ని విడవలేనివాళ్లు ఇద్దరు. ఒకడు గానన్‌డార్ఫ్. ఎడారిలో పుట్టాడు. తన వాళ్లకు చావు మోసుకొచ్చే గాలి తప్ప వేరే గాలి తెలియదనీ, హైరూల్ మీద వీచే చల్లగాలి కోసమే ఆశపడ్డాననీ ముసలితనంలో ఒప్పుకుంటాడు. రెండోవాడు హైరూల్ రాజు. పడవ రూపంలో లింక్‌ను దారి నడిపించేది ఆయనే.

చివర్లో కోరిక తీర్చే ట్రైఫోర్స్ మీద రాజు చేయి పడుతుంది. రాజ్యాన్ని తిరిగి ఇమ్మని అడగొచ్చు. అడగడు. దీన్ని కడిగెయ్, ఈ పిల్లలకు రేపటిని ఇవ్వు అంటాడు. నీళ్లు కురుస్తాయి. మాతో రండి, కొత్త హైరూల్‌ను వెతుక్కుందాం అని పిల్లలు పిలిస్తే, అది హైరూల్ కాదు, మీ దేశం అవుతుంది అని తాను అక్కడే ఉండిపోతాడు. ఆస్తితోపాటు తన తీరని కోరికలనూ పిల్లల నెత్తిన పెట్టే పెద్దలకు ఇంతకన్నా మెత్తగా ఎవరు చెప్పగలరు?

ఇప్పుడు ఆ 2001 నాటి గొడవను ఇంకోసారి చూడండి. పాత రాజ్యాన్ని వదిలిపెట్టమని చెప్పే కథను, పాత రాజ్యమే కావాలని పట్టుబట్టినవాళ్ల చేతికిచ్చారు. గొడవ కాక ఏమవుతుంది!

నింటెండో కూడా ఆ గొడవకు తలొగ్గింది. ఈ కార్టూన్ రూపం చిన్నపిల్లలదని అనుకోవడంతో అమెరికాలో అమ్మకాలు మందగించాయని అక్కడి శాఖ చెప్పింది. ‘విండ్ వేకర్’కు కొనసాగింపుగా మొదలెట్టినదాన్ని పక్కనబెట్టి, అయోనుమా వాస్తవరూపానికి మళ్లారు. 2004 మేలో లాస్ ఏంజెలెస్‌లో ఆ దృశ్యాలు వేస్తే సభ లేచి నిలబడి కేకలు వేసింది. అదే 2006లో వచ్చిన ‘ట్విలైట్ ప్రిన్సెస్’. 80 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. జనం అడిగింది ఇచ్చారు, జనం కొన్నారు. వ్యాపారం తప్పు పట్టలేం.

కానీ కాలం వేరే లెక్క వేసింది. నిజంలా కనిపించాలనుకున్న బొమ్మకు ప్రతి కొత్త యంత్రమూ శత్రువే. నిన్నటి నిజం ఇవాళ మసకగా, గరుకుగా కనిపిస్తుంది. బొమ్మలా ఉండాలనుకున్న బొమ్మకు ఆ భయం లేదు. 2013లో ‘విండ్ వేకర్’ను వీయూ యంత్రానికి మెరుగుపరిచి ఇచ్చినప్పుడు అసలు పని మొహం మీద పడలేదు, లోపాల మీద పడింది. పడవకు వేగం పెంచే తెరచాప ఇచ్చారు. దానితో గాలి తిప్పుకునే బాధ తప్పింది. టింగిల్ చేత చదివించాల్సిన పటాలు ఎనిమిది నుంచి మూడుకు తగ్గాయి. 2017లో వచ్చిన ‘బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’ 3 కోట్లకు పైగా అమ్ముడుపోయి ఈ వరసలో రికార్డు సృష్టించింది. దాని వెలుగునీడల్లో గీత గీసినట్టున్న ఆ తెగుడును చూడండి. పెద్దకళ్ల కుర్రాడి పోలిక ఇట్టే పట్టేస్తారు. 2025 జూన్‌లో స్విచ్ 2 యంత్రం వచ్చినప్పుడు, చందాదారులకు మొదటిరోజే అందించిన పాత గేమ్‌క్యూబ్ ఆటల్లో ‘విండ్ వేకర్’ ఒకటి.

వెక్కిరించినవాళ్లంతా చెడ్డవాళ్లని కాదు. ప్రేమించారు కనకే కోపమొచ్చింది. చిన్నప్పుడు తమతో ఆడుకున్న స్నేహితుడు తమతోపాటే పెద్దవాడు కావాలని కోరుకున్నారు. వాడు తిరిగి పసివాడై ఎదురొచ్చేసరికి, తమ పెద్దరికాన్ని ఎగతాళి చేసినట్టనిపించింది. పద్దెనిమిదేళ్ల కుర్రాడికి కార్టూన్ చూస్తున్నావా అంటే పౌరుషం పొడుచుకొస్తుంది. నలభై దాటాక ఆ పౌరుషం ఉండదు. పిల్లల పక్కన కూర్చుని నిశ్చింతగా చూస్తాడు.

ఆనాడు ‘సెల్డా’ అన్న కుర్రాళ్లలో చాలామందికి ఇప్పుడు లింక్ ఈడు పిల్లలుంటారు. ఆ పిల్లలకు పాత తగాదా తెలియదు. 2000 నాటి కత్తియుద్ధం వాళ్లు చూడలేదు. వాళ్లకు కనిపించేది ఒక దీవి, ఒక పడవ, చెల్లి కోసం సముద్రం దాటే అన్న. రాజు అడిగిన వరం వాళ్లకు దక్కినట్టే.