"మీ నాన్న ఏం చేస్తారు?"

బెంగళూరులో మన తెలుగు సంఘానికి చెందిన ఒక అమ్మాయి పీయూసీ పాసై, ఈ మధ్య ఒక బట్టల షాపులో ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్ళింది. వయసు పద్దెనిమిది. మొదటి రెండు ప్రశ్నలకు బాగానే జవాబిచ్చింది. మూడో ప్రశ్న, "మీ నాన్న ఏం చేస్తారు?" ఆ పిల్ల తల దించుకుంది. నాన్న పౌరకార్మికుడు. తెల్లవారకముందే లేచి నగర వీధులు ఊడ్చే మనిషి. "ప్రైవేట్ జాబ్ సార్" అని గొణిగింది. ఆ తర్వాత మాట పెగల్లేదు. ఉద్యోగం రాలేదు.

ఇంగ్లీషు రాకపోవడం వల్లే అన్నారు ఇంట్లోవాళ్ళు. కొంత నిజమే కావచ్చు. అంతకన్నా పెద్ద కొరత, తన గురించి తాను చెప్పుకునే అలవాటు లేకపోవడం. చుట్టాల ముందు "మావాడికి ఏమీ రాదండీ" అనడం మనకు వినయం. పదిహేనేళ్లు ఆ మాట విన్న పిల్లవాడు ఇంటర్వ్యూలోనూ దాన్నే నమ్ముతాడు.

ఇది చిన్న విషయం కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు కారణంగా దళిత క్రైస్తవులకు ఎస్సీ రిజర్వేషన్ వర్తించదు. కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుంచి గ్రూప్ సి, నాన్ గెజిటెడ్ గ్రూప్ బి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు తీసేసింది. సిఫారసులకూ అవినీతికీ అక్కడ చోటుంటుందనే ఆ పని చేసింది. కానీ మన పిల్లల్లో చాలామంది వెళ్ళేది షాపులకు, కాల్ సెంటర్లకు, ఆసుపత్రి కౌంటర్లకు. అక్కడ ఆ పది నిమిషాలే వాళ్ళ దారిని తేలుస్తాయి.

మనం ఏం చేయగలం?

మొదట, వాళ్ళ దగ్గరున్నదేమిటో వాళ్ళకు చూపిద్దాం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, పక్కింట్లో తమిళం మాట్లాడే పిల్ల కౌంటర్‌లో ఎంత పనికొస్తుందో ఆమెకే తెలియదు. వీబీఎస్‌లో ముప్పైమంది చిన్నపిల్లల్ని కూర్చోబెట్టి పాటలు నేర్పడం, సంఘం ముందు నిలబడి వాక్యం చదవడం, కానుకల లెక్క రాయడం, ఇవన్నీ అనుభవమే. ఇంటర్వ్యూలో చెప్పుకోదగినవే.

తర్వాత, సాధన చేయిద్దాం. ఆదివారం ఆరాధన అయ్యాక అరగంట, రెండు కుర్చీలు చాలు. ఉద్యోగం చేస్తున్న అన్నో అక్కో ఎదురుగా కూర్చుని "నీ గురించి చెప్పు" అని అడగాలి. ఫోన్‌లో రికార్డు చేసి వాళ్ళకే చూపించాలి. ఎవరూ నవ్వకూడదు. ఒక్కసారికి ఒక్క తప్పే దిద్దాలి. నాన్న పని గురించీ తప్పక అడగాలి. "మా నాన్న పౌరకార్మికుడు సార్. ఒక్కరోజు కూడా ఆలస్యంగా వెళ్ళలేదు. నాకూ అదే నేర్పారు" అని చెప్పే దాకా అడగాలి. కులం అడిగితే "ఈ పనికి అది అవసరమా సార్?" అని మర్యాదగా అనే హక్కు ఉందనీ చెప్పాలి.

బట్టలు అప్పు చేసి కొనక్కర్లేదు. ఉతికి ఇస్త్రీ చేసినవి చాలు. అరగంట ముందే చేరుకోవాలి. సర్టిఫికెట్ల ఒరిజినల్స్ చూపించాలి, జిరాక్సులే ఇవ్వాలి. ఉద్యోగానికి డబ్బు కట్టమంటే అక్కడినుంచి లేచి వచ్చేయాలి.

నాకు మాట నేర్పు లేదని మోషే వెనకాడినప్పుడు దేవుడు ఆయన్ను అక్కడే వదిలేయలేదు. పక్కన అహరోనును నిలబెట్టాడు. మన పిల్లల పక్కన నిలబడే అహరోనులు మన సంఘాల్లోనే ఉన్నారు. వాళ్ళను ఇంతవరకూ మనం అడగలేదు, అంతే.

ఆ అమ్మాయికి వచ్చే నెల మరో ఇంటర్వ్యూ ఉంది. మధ్యలో నాలుగు ఆదివారాలున్నాయి. మీ సంఘంలోనూ అలాంటి పిల్లలుంటారు. ఈ ఆదివారమే రెండు కుర్చీలు వేయండి.