బాణం గుర్తుకి ఎదురు నడిస్తే...

గుడి చుట్టూ రివర్స్‌లో తిరిగి చూడండి. పూజారి కంటే ముందు మన నాయనమ్మే కేకేస్తుంది, 'ఒరేయ్, అప్రదక్షిణం!' అని. అందుకే జపాన్‌లో ఓ పెద్ద యాత్రని కావాలనే తిరగేసి నడుస్తారని మా ఆఫీసులో సీనియర్ చెబితే, నాతో జోక్ చేస్తున్నాడనుకున్నా.

జోక్ కాదు. షికోకు అనే దీవిలో 88 గుళ్లున్నాయి. అన్నీ చుట్టి రావాలంటే దాదాపు 1,200 కిలోమీటర్లు, కాలినడకన 40 రోజులకు పైనే. కోబో దైషి అని పిలుచుకునే కూకై (774–835) అనే బౌద్ధ గురువు పేరు మీద సాగే యాత్ర ఇది. మామూలుగా 1 నుంచి 88కి, మన ప్రదక్షిణంలాగే వెళ్తారు. 88 నుంచి 1కి వస్తే దాన్ని 'గ్యాకు ఉచి' అంటారు. లీపు సంవత్సరంలో అలా చేస్తే పుణ్యం ఇంకా ఎక్కువట.

దీని వెనక ఓ కథ ఉంది. ఎమోన్ సబురో అని ఓ ధనవంతుడు. భిక్షకొచ్చిన సన్యాసిని కసిరికొట్టి, చేతిలో గిన్నె పగలగొట్టాడు. తర్వాత అతని ఎనిమిది మంది పిల్లలూ ఒకరి వెనక ఒకరు పోయారు. వచ్చింది దైషి అని అప్పుడు తెలిసింది. క్షమించమని అడగడానికి ఆస్తి వదిలేసి ఆయన వెనకాలే దీవి చుట్టూ 20 సార్లు తిరిగాడు. ఆయన దొరకలేదు. వెనక పడితే లాభం లేదని 21వ సారి ఎదురు నడిచాడు. 12వ గుడి దగ్గర కూలబడి, ప్రాణం పోయేముందు ఆయన్ని చూశాడు. అదీ లీపు సంవత్సరమేనంటారు.

ఈ కథ విన్న రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎందుకంటే 2024 సంక్రాంతికి నేను ఇంటికి వెళ్లలేదు. ఫోన్లో మాటా మాటా పెరిగి, 'అసలు నాకోసం మీరేం చేశారు నాన్నా?' అనేశా. ఆయన ఫోన్ అమ్మకిచ్చేశారు. ఆ తర్వాత నాలుగు నెలలు మాట్లాడుకోలేదు. 'తిన్నాడా అని అడుగుతున్నారు మీ నాన్న' అని మధ్యలో అమ్మే మోసేది.

ఏప్రిల్ చివర్లో సెలవులొచ్చాయి. 88 నుంచి 84వ గుడి దాకా, మూడు రోజులు, సుమారు 35 కిలోమీటర్లు నడుద్దామని ఒకావిడ దగ్గర తెల్లచొక్కా, కర్ర కొనుక్కుని బయల్దేరా. ఆ కర్రే దైషి అని నమ్మకం. వంతెన మీద దాన్ని నేలకి తాటించకూడదు, కింద ఆయన పడుకుని ఉంటారట!

మొదటి గంటలోనే దారి తప్పా. గుర్తులు చాలావరకు 1 నుంచి 88కి వెళ్లేవాళ్ల కోసమే. వాళ్లకి కనిపించే బాణం నాకు వీపు చూపిస్తుంది. ప్రతి మలుపు దగ్గరా ఆగి, వెనక్కి తిరిగి, 'అటు నుంచి వచ్చేవాడు ఇక్కడికి ఎలా వస్తాడు?' అని ఆలోచించాలి. మ్యాప్ యాప్ ఉంది కానీ, కొండ ఎక్కేసరికి సిగ్నల్ పోయింది.

ఇంకో సంగతి. వెనక నడిస్తే కనిపించేది ముందువాడి వీపే. ఎదురు నడిస్తే అందరి ముఖాలూ కనిపిస్తాయి. నాకిది మొదటి రోజు, ఎదురొచ్చేవాళ్లకి చివరి రోజు. ఎండకి నల్లబడ్డ ముఖాలు, కుంటుతున్న కాళ్లు. అయినా ప్రతి ఒక్కరూ తల వంచి పలకరించారు. ఓ ఊళ్లో ఒక పెద్దావిడ ఇంట్లోంచి పరిగెత్తుకొచ్చి రెండు నారింజలు చేతిలో పెట్టింది. యాత్రికులకి అలా ఇవ్వడాన్ని 'ఒసెత్తాయ్' అంటారు. కాదనకూడదు. నేను ఎటు వెళ్తున్నానో చూసి నవ్వింది, 'అటైతే కష్టం బాబూ' అని.

84వ గుడి యషిమా కొండ మీద ఉంది. కింద సముద్రం. సిగ్నల్ ఫుల్. అమ్మకి కాదు, నేరుగా నాన్నకే చేశా.

"ఎక్కడున్నావ్‌రా?"

చెప్పా.

"అప్రదక్షిణమేంట్రా, బుద్ధుండక్కర్లా?"

ఎమోన్ సబురో కథ మొత్తం చెప్పా. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "సంక్రాంతికి ఆ మాట అనకుండా ఉండాల్సింది నాన్నా" అన్నా.

"ఏ మాట?" అన్నారు. వెంటనే, "కాళ్లు బొబ్బలెక్కాయా? రాత్రి కొబ్బరినూనె రాసుకో."

నాకు తెలుసు, ఆయనకి ఆ మాట గుర్తుంది.

మిగతా 83 గుళ్లు అలాగే ఉన్నాయి. తర్వాతి లీపు సంవత్సరం 2028. యాత్రకైతే అప్పటిదాకా ఆగొచ్చు. ఫోన్‌కి మాత్రం ఆగకండి.