కోటా మస్కి దాకా చేరాలి

అశోకుడి శాసనంతో చరిత్రకెక్కిన, రాయచూరు జిల్లాలోని మస్కి, సర్కారు కొలువుల విషయానికొస్తే రాజ్యాంగంలోని 371జె అధికరణం కిందికి వస్తుంది. 2012 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన 98వ సవరణ హైదరాబాద్-కర్ణాటకకు, అంటే ఇప్పటి కల్యాణ కర్ణాటకకు, ప్రత్యేక హక్కులిచ్చింది. ఈ ప్రాంతంలోని ప్రభుత్వోద్యోగాల్లో డి గ్రూపులో 85 శాతం, సి గ్రూపులో 80 శాతం, బి గ్రూపులో 75 శాతం స్థానికులకే. కాలేజీ సీట్లలో 70 శాతం వారివే. రాష్ట్రంలోని మిగతా చోట్ల మరో 8 శాతం. పుట్టుకతో పాటు స్థిరనివాసాన్నీ లెక్కలోకి తీసుకున్నారు కనుక, తుంగభద్ర ఎడమ కాలువ వెంట సింధనూరు, మస్కి చుట్టుపక్కల క్యాంపుల్లో స్థిరపడిన తెలుగు రైతుల పిల్లలకూ ఇందులో వాటా ఉంది.

ఇలా ప్రాంతాన్ని బట్టి ఉద్యోగాలివ్వడం న్యాయమేనా? న్యాయమే. పాత మైసూరులో వెనుకబడిన కులాలకు కొలువుల్లో వాటా ఇవ్వాలా అన్న చర్చ 1918లోనే మిల్లర్ కమిటీతో మొదలైంది. దాంతో విభేదించిన విశ్వేశ్వరయ్య దివాన్ పదవి వదులుకున్నారు, అయినా మహారాజు వెనక్కి తగ్గలేదు. అదే కాలంలో రాయచూరు నిజాం ఏలుబడిలో ఉంది. పాలన, పై చదువులు ఉర్దూలో సాగాయి. కన్నడం, తెలుగు మాట్లాడే ఇళ్ల పిల్లలకు బడి గడపే దూరమైంది. 1956లో రెండు ప్రాంతాలూ ఒకే రాష్ట్రమయ్యాయి, ఒకే పరీక్ష రాయాల్సి వచ్చింది. 2011 జనగణన నాటికి రాష్ట్రంలో అక్షరాస్యత 75 శాతం దాటితే రాయచూరు జిల్లాలో 60 శాతానికి కాస్త తక్కువ. అప్పటికి ఆడవాళ్లలో చదువు వచ్చినవారు సగం మంది కూడా లేరు. ఈ తేడాకు పిల్లల తెలివితేటలతో సంబంధం లేదు, బడులు ఎక్కడ పెట్టారన్న దానితోనే సంబంధం.

కోటాతో సమర్థత దెబ్బతింటుందన్న వాదన ఏళ్ల తరబడి వింటున్నాం. దాన్ని లెక్కలతో పరీక్షించినవారున్నారు. భారతీయ రైల్వేల సమాచారాన్ని అశ్వినీ దేశ్‌పాండే, థామస్ వైస్‌కాఫ్ పరిశీలిస్తే, రిజర్వేషన్ల వల్ల ఉత్పాదకత తగ్గిన దాఖలా కనిపించలేదు. ఎ, బి గ్రూపుల్లో కొంత మేలు జరిగిన సూచనలు కూడా ఉన్నాయి. కర్ణాటకకే చెందిన పవిత్ర కేసులో 2019లో సుప్రీంకోర్టు కూడా పాలనా సామర్థ్యాన్ని సమాజంలోని అందరి ప్రాతినిధ్యంతో కలిపి చూడాలని స్పష్టం చేసింది. రాయచూరు ఆసుపత్రికి పోస్టింగు పడగానే బదిలీ కోసం తిరిగే డాక్టరు కంటే, ఇక్కడే పుట్టి ఇక్కడే ఉండిపోయే డాక్టరు వల్ల రోగికి మేలు ఎక్కువ. సమర్థత అనేవారు ఈ సంగతీ ఆలోచించాలి.

నా అభ్యంతరం వేరు. కల్యాణ కర్ణాటక మొత్తాన్ని ఒకే గాటన కట్టేశాం. 2002లో నివేదిక ఇచ్చిన నంజుండప్ప కమిటీ వెనుకబాటును తాలూకా ప్రాతిపదికగా కొలిచింది. రాష్ట్రంలో అత్యంత వెనుకబడినవిగా తేల్చిన 39 తాలూకాల్లో 21 గుల్బర్గా డివిజన్‌లోనివే. కొలత తాలూకాది, ఇచ్చిన హక్కు మాత్రం ప్రాంతం మొత్తానికి. అసిస్టెంట్ కమిషనర్ ఆఫీసులో ఇచ్చే 371జె అర్హతా పత్రం మీరు స్థానికులా కాదా అన్నదే చెబుతుంది. బళ్ళారిలో ఇంగ్లీషు మీడియం చదివి కోచింగ్ తీసుకున్న అబ్బాయి చేతిలోనూ, మస్కి తాలూకాలో సర్కారు బడి దాటి ఎరగని నాయక కుటుంబపు అమ్మాయి చేతిలోనూ ఉండేది అదే కాగితం. ఎస్సీ, ఎస్టీ కోటాలు ఇందులోనూ అమలవుతాయి, నిజమే. కానీ వాటిలో కూడా ముందుండేది పట్నంలో చదివిన పిల్లలే. నీళ్లు పారి నాలుగు డబ్బులు చూసిన క్యాంపు కుటుంబానికీ, కాలువ నీరందని ఊళ్లో కూలికి పోయే కుటుంబానికీ తేడా ఆ పత్రంలో కనబడదు.

దీనికి మందు తెలుగునాట ఎప్పుడో కనిపెట్టారు. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ట్రిపుల్ ఐటీల్లో సర్కారు బడి పిల్లల పదో తరగతి గ్రేడుకు 0.4 పాయింట్లు కలిపారు. పల్లెటూరి పిల్లలు వేల సంఖ్యలో ఇంజినీరింగ్ చదువుకున్నారు. తమిళనాడు 2020లో మెడికల్ సీట్లలో 7.5 శాతం ప్రభుత్వ బడి విద్యార్థులకు కేటాయించింది. ఒక్క ఏడాది సర్కారు బడిలో చేర్పించి సీటు కొట్టేస్తారన్న అనుమానానికి అక్కడ జవాబుంది. ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా ప్రభుత్వ బడిలోనే చదివి ఉండాలి. 371జె కోటా లోపలా ఇలాంటి వాటా ఒకటి పెట్టవచ్చు. ప్రాంతం ఐక్యత చెదురుతుందని కొందరు భయపడతారు. లోపలి అసమానతను కప్పిపెడితేనే అది చెదురుతుందని నేననుకుంటాను.

నియమం రాసుకున్నంత మాత్రాన సరిపోదన్నది తెలంగాణ నేర్పిన పాఠం. 1975 రాష్ట్రపతి ఉత్తర్వు ఉండగానే స్థానికుల పోస్టుల్లో ఇతరులు చేరారు. ఆ తప్పు దిద్దడానికి 1985లో 610 జీవో ఇవ్వాల్సి వచ్చింది, అదీ ఏళ్ల తరబడి అమలు కాలేదు. కర్ణాటక ఆ దారి పట్టకూడదు. 371జె కింద ఏటా ఎన్ని పోస్టులు నింపారు, ఎన్ని ఖాళీగా ఉంచారు, ఎంపికైనవారు ఏ తాలూకా వారు, ఏ బడిలో చదివారు అన్న వివరాలు ప్రభుత్వం ప్రకటించాలి. మస్కి ఎమ్మెల్యే ఎవరైనా సరే, వచ్చే శాసనసభ సమావేశంలో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.