బీటెక్ దాకానేనా ఆడపిల్లకి సీటు?

కె.గంగవరంలో ఆడపిల్లని ఇంజనీరింగ్ చదివిస్తామంటే ఇవాళ అడ్డు చెప్పేవాళ్ళు దాదాపు లేరు. కొబ్బరి దింపు డబ్బులో, బ్యాంకు అప్పో, ఫీజు రీయింబర్స్‌మెంటో పెట్టి చదివిస్తున్నారు. దీన్ని మన ఉద్యమాల విజయంగా చెప్పుకోవడానికి నాకు నోరు రావడం లేదు. ఆ పట్టా పెళ్ళి సంబంధాల్లో చూపించే కాగితంగా మారింది. అదే అమ్మాయి "మెషీన్ లెర్నింగ్‌లో, కంప్యుటేషనల్ న్యూరోసైన్స్‌లో పరిశోధన చేస్తాను, అయిదేళ్ళు పడుతుంది" అంటే చాలు, "నీకంటే ఎక్కువ చదివిన కుర్రాణ్ణి ఎక్కణ్ణించి తేవాలే?" అంటారు. కొడుకు ఎం.ఎస్.కి అమెరికా వెళ్తానంటే పొలం తాకట్టు పెట్టే ఇళ్ళే ఇవి. ఈ పరిశోధనకి తాకట్టు కూడా అక్కర్లేదు. జె.ఆర్.ఎఫ్. వచ్చిన విద్యార్థికి 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్ళూ నెలకి 37,000, తర్వాత 42,000 రూపాయలు ఇవ్వాలి. (నెలనెలా సరిగ్గా ఇవ్వరన్నది వేరే పోరాటం.) అంటే అడ్డుపడుతున్నది డబ్బు కాదు, అమ్మాయి వయసు.

మనలోనే కొందరు "కట్నం చావులు ఆగలేదు, కూలి రేట్లు పెరగలేదు, ఈ పైచదువుల గొడవ మనకెందుకు?" అంటున్నారు. ఈ వాదనతో నాకు పేచీ ఉంది. మెషీన్ లెర్నింగ్ అంటే ఉదాహరణలు చూపించి యంత్రానికి నేర్పడం. ఆ యంత్రం ఇప్పటికే అంగన్‌వాడీకి వచ్చి కూర్చుంది. 2025 జూలై 1 నుంచి గర్భిణికి, బాలింతకి ఇంటికిచ్చే సరుకులు అందాలంటే ఫోను ఆమె ముఖాన్ని గుర్తుపట్టాలి. ముఖం చూసి ఆడా మగా చెప్పే మూడు కంపెనీల సాఫ్ట్‌వేర్లని 2018లో జాయ్ బువోలాంవీనీ, టిమ్నిట్ గెబ్రూ పరీక్షించారు. తెల్లని మగవాళ్ళ విషయంలో తప్పులు 0.8 శాతం మించలేదు. నల్లని ఆడవాళ్ళ దగ్గరకొచ్చేసరికి 34.7 శాతం దాకా వెళ్ళాయి. అంగన్‌వాడీలో వాడేది ఆ సాఫ్ట్‌వేర్ కాదు, నిజమే. కానీ పొలంలో ఎండకి కమిలిన మన ముఖాలమీద దీన్ని ఎవరు పరీక్షించారని నిలదీసి, లెక్క చూపించగలిగేది ఎవరు? ఆ ప్రశ్న అడిగిన ఆ ఇద్దరూ నల్లజాతి స్త్రీలు. ఇద్దరూ పరిశోధకులే.

మెదడు శాస్త్రం మరీ అన్యాయం. నాడీకణాల పనిని గణితంగా, కంప్యూటర్ నమూనాగా రాసేదే కంప్యుటేషనల్ న్యూరోసైన్స్. ఆ గణితానికి ముడిసరుకు ప్రయోగాలు. ఆ ప్రయోగాల్లో ఒక్క లింగం జంతువులనే వాడినవాటిని 2011లో బీరీ, జుకర్ లెక్క తీస్తే, ఆడవాటికి ఒకటైతే మగవాటికి అయిదున్నర. రుతుచక్రం వల్ల ఫలితాలు చెదిరిపోతాయన్నది సాకు. ఎలుకల్లో కూడా మనం ముట్టేనన్నమాట! దాని ఫలితం ఊరికే పోలేదు. మెదడుమీద పనిచేసే నిద్రమాత్ర జోల్పిడెం 1992లోనే అమెరికాలో అనుమతి పొందితే, ఆడవాళ్ళ ఒంట్లో అది నెమ్మదిగా కరుగుతుందని వాళ్ళ మోతాదుని 10 మిల్లీగ్రాముల నుంచి 5కి తగ్గించింది 2013లో.

ఇక ప్రభుత్వం సంగతి. 1933లో బెంగుళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో కమలా సొహోనీకి ఆడపిల్ల కనక సీటివ్వనన్నాడు సి.వి. రామన్. ఇప్పుడు అలా మొహంమీద అనరు. ఐఐటీల్లో అమ్మాయిల వాటా 2018లో 14 శాతానికి, 2020లో 20 శాతానికి పెంచడానికి అదనపు సీట్లు సృష్టించారు, బీటెక్‌కి మాత్రమే. ఇంట్లో గీసిన గీతా, ఢిల్లీలో గీసిన గీతా సరిగ్గా ఒకేచోట పడ్డాయి. యూజీసీ 2022 నిబంధనలు పీహెచ్‌డీ చేసే స్త్రీకి రెండేళ్ళ అదనపు గడువు, 240 రోజుల ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఇస్తున్నాయి. ఎంతమంది గైడ్లు ఆ మాట చెప్తున్నారు? సోషియాలజీ ఇంటర్వ్యూలో నన్ను అడిగింది "పెళ్ళయ్యాక మానెయ్యవు కదా?" అని. పక్కన కూర్చున్న అబ్బాయిని ఎవరూ అడగలేదు.

అదనపు సీట్లు ఎం.ఎస్. రిసెర్చికీ, పీహెచ్‌డీకీ ఇవ్వాలి. అందులో దళిత, ఆదివాసీ అమ్మాయిల వాటా విడిగా రాసి ఇవ్వాలి. పెళ్ళి గురించి అడిగిన ఇంటర్వ్యూని రద్దు చెయ్యాలి. 240 రోజుల సెలవు సంగతి ప్రతి డిపార్టుమెంటు గోడమీదా తెలుగులో అంటించాలి.